ఎలుకా, చిట్టెలుకా, చుంచా: మందు కొనేముందు అది తేల్చుకోండి

వానాకాలం ముదిరిందంటే చాలు, హన్మకొండలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండే ప్రశ్నలు తిరుగుతుంటాయి. కరెంటు ఎప్పుడొస్తుంది, ఎలుకలకు ఏ మందు మంచిది. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి మాత్రం ఎప్పుడూ నేనే టైపు చేస్తుంటా, ఎందుకంటే మాది గ్రౌండ్ ఫ్లోర్, పక్కన ఖాళీ ప్లాటు, వెనక మోరీ, పైగా ఏడాదికి సరిపడా బియ్యం ఊరి నుంచి తెచ్చి ఇంట్లోనే పెట్టుకునే అలవాటు. ఇన్ని సౌకర్యాలున్న ఇంటికి ఎలుకలు రాకుండా ఎట్లా ఉంటాయి. ప్రతిసారీ అదే సంగతి రాసీ రాసీ విసుగొచ్చి, ఇక్కడ ఒకేసారి రాసి పడేస్తున్నా.

మందు ఏదని అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే: పెంటికలు ఏ సైజులో ఉన్నాయి? నవ్వొద్దు, డాక్టరు ముందు టెస్టులు రాసినట్టే ఇది కూడా. బియ్యం గింజంత ఉండి, కొనలు సన్నగా ఉంటే అది చిట్టెలుక. దానికి రెండు మూడింతలు పొడుగ్గా, లావుగా ఉంటే పెద్ద ఎలుక. గ్యాస్ బండ వెనకో, సజ్జ మీదో చిట్టెలుక ఒక్కటున్నా రోజుకు యాభైకి పైగానే వేస్తుంది కాబట్టి పెంటికలు ఎక్కువ కనపడగానే ఇంటినిండా ఎలుకలేనని టెన్షన్ పడాల్సిన పని లేదు. ఇంట్లో ఏ పెంటికలూ లేకుండా కాంపౌండ్ గోడ కింద మట్టి కుప్పలు కుప్పలుగా తవ్విపోసి ఉంటే అది పందికొక్కు. దాని సంగతి వేరు, ఇంటి లోపల బోను పెట్టి కూర్చుంటే అది దొరకదు.

ఇంకోటి ఉంది, పాపం, దాన్ని అందరూ అనవసరంగా చంపుతారు. మొన్న వానలప్పుడు రాత్రి పూట హాల్లో గోడ వెంబడి ఏదో కిచకిచమంటూ ఉరికితే పక్కింటి అబ్బాయి కర్ర పట్టుకొచ్చాడు. మా అత్తమ్మ కుర్చీలోంచి లేవకుండానే, "గది ఎల్క గాదు బిడ్డా, సుంచు. దాన్నేమనకుండ్రి, బొద్దింకలను తిని పోతది" అంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చుంచెలుకకు మూతి పొడుగ్గా మొనదేలి ఉంటుంది, కళ్లు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి, పోయినచోటల్లా ఒక ఘాటు వాసన వదులుతుంది. అది అసలు ఎలుక జాతే కాదు. పురుగులు, బొద్దింకలు దాని తిండి, వైర్లు కొరకడం, బియ్యం బస్తాకు బొక్క పెట్టడం దాని పని కాదు. తలుపు తీసి పెడితే గోడ పట్టుకుని అదే బయటికి పోతుంది. వాసన కొడుతుందన్నది ఒప్పుకుంటా. కానీ చుంచు కోసం మందు పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది.

ఎవరొచ్చారో ముందు తేల్చుకోమనడం ఎందుకంటే చిట్టెలుకదీ పెద్ద ఎలుకదీ గుణం వేరు. చిట్టెలుకకు కుతూహలం ఎక్కువ, ఇంట్లో కొత్త వస్తువు ఏది పెట్టినా మొదటి రాత్రే వచ్చి వాసన చూస్తుంది. పెద్ద ఎలుక అనుమానపు జీవి. నిన్న లేని బోను ఇవాళ కనపడితే రోజుల తరబడి దాని దగ్గరికే రాదు, వచ్చినా కొద్దిగా కొరికి చూసి, కడుపు తేడా చేస్తే ఆ తిండిని మళ్లీ ముట్టదు. అందుకే చిట్టెలుకకు బోను పెట్టిన మర్నాడే ఫలితం కనపడుతుంది, పెద్ద ఎలుకకైతే బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల తిండి పెట్టి, కొన్ని రోజులు ఊరికే తిననిచ్చి, అలవాటయ్యాక అప్పుడు కొక్కెం బిగించాలి. బోను పనిచేయడం లేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది దాన్ని రెండో రాత్రికే తీసి అటక మీద పడేసినవాళ్లు.

మన దగ్గర ఇవి ఏడాదిలో రెండు మూడుసార్లు విరుచుకుపడతాయి. వానలకు బొరియల్లోకి నీళ్లు పోతే పొడి జాగా వెతుక్కుంటూ వస్తాయి. 2023 జులైలో వరంగల్ మునిగినప్పుడు నాలాల పక్కనున్న కాలనీల్లో మనుషులే ఇళ్లు వదిలి పోయారు, ఎలుకలు మాత్రం ఆగుతాయా. రెండోది వరి కోతలు. వానకాలం పంట కోసేది అక్టోబరు, నవంబరు నెలల్లో, యాసంగి పంటది ఏప్రిల్, మే. పొలంలో తిండీ, చాటూ రెండూ ఒక్కసారిగా పోయేసరికి ఊరి అంచున ఉన్న ఇళ్ల మీద పడతాయి. హన్మకొండ చుట్టూ ఇప్పుడు వెంచర్లన్నీ పొలాల మధ్యనే కదా, పక్క మడి కోసిన వారానికి కొత్త ఇంట్లో కూడా ఎలుక కనపడుతుంది. కొత్త ఇల్లు, కట్టి ఆరు నెలలు కాలేదు అని బాధపడేవాళ్లను చాలామందిని చూశా. ఇంటి వయసుతో వాటికేం పని, సందు ఉందా లేదా అన్నదే లెక్క.

ఆ సందు దగ్గరే అసలు కథంతా ఉంది. చిట్టెలుక తల పట్టినచోట ఒళ్లంతా పడుతుంది, దానికి పెన్సిల్ దూరేంత సందు, అంటే ఆరు మిల్లీమీటర్లుంటే చాలు. పెద్ద ఎలుకకు దానికి రెండింతలు కావాలి. మన దగ్గర కోతుల దెబ్బకు కిటికీలన్నింటికీ జాలీలు బిగించుకోని ఇల్లు లేదు, కానీ ఆ జాలీల కన్నాలు కోతి చేతికి లెక్కగట్టి పెట్టినవి, ఎలుక వాటిలోంచి నడుచుకుంటూ పోతుంది. చూడాల్సింది నేల దగ్గర. సింకు పైపు గోడలోంచి బయటికి పోయేచోట ప్లంబర్ గుండ్రంగా కొట్టి వదిలేసిన బొక్క, వాషింగ్ మెషిన్ నీళ్లు పోయే పైపు, ఏసీ పైపు కోసం పెట్టిన రంధ్రం, బాత్రూం నీళ్లు పోయే జాలి పైకి లేచి ఉండటం, చిమ్నీ గొట్టం, వెనక తలుపు కింద వెలుతురు కనపడే సందు. రాత్రి లైట్లు ఆపేసి బయటనుంచి ఒకరు టార్చి వేస్తుంటే లోపల ఒకరు నేల మీద కూర్చుని చూడండి, వెలుగు ఎక్కడ కనపడితే అదే దారి.

దారి ఏదో తెలియకపోతే ముగ్గుపిండి ఉంది కదా. రాత్రి పడుకునేముందు గోడల అంచున, ఫ్రిజ్ వెనక, సజ్జ మీద పల్చగా చల్లితే పొద్దున్నే అడుగుల గుర్తులు, తోక గీత తేటగా కనపడతాయి. ఎలుకలు బహిరంగంగా గది మధ్యలోంచి పోవు, గోడకు ఒళ్లు రాసుకుంటూనే నడుస్తాయి, కాబట్టి గోడ అంచున చల్లితే చాలు. బియ్యప్పిండి మాత్రం వద్దు, అది వాటికి విందు అవుతుంది. ముగ్గుపిండి అన్నది అందుకే.

బొక్కలు మూయడానికి పుట్టీ పెడితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. డబ్బాలోంచి నురుగులా వచ్చే ఫోమ్ కూడా అంతే, కొరికి తూట్లు పొడుస్తాయి. వాటి ముందుపళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు. గిన్నెలు తోమే స్టీల్ పీచు ఉంటుంది కదా, దాన్ని బొక్కలో గట్టిగా కుక్కి, మీద సిమెంటు పూయాలి. పాత మేస్త్రీలు సిమెంటులో గాజు పెంకులు కలిపేవాళ్లు, ఇప్పటికీ అది పనిచేస్తుంది, పందికొక్కు బొరియ మూసేటప్పుడు నేనైతే అదే చేయించా. జాలి కొనేటప్పుడు చౌరస్తాలో హార్డ్‌వేర్ షాపువాడు "అక్కా, అర అంగుళం తీస్కో, అందరు గదే తీస్కపోతరు" అంటాడు. వినకండి. పావు అంగుళం కన్నాల ఇనుప జాలి అడగండి, అర అంగుళంలోంచి చిట్టెలుక దూరుతుంది. దోమల కోసం వేసే నైలాన్ జాలి ఎలుకకు అడ్డమే కాదు. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ ఒక్కటే వేస్తే కొరికేస్తాయి, అల్యూమినియం పట్టీకి బిగించినది దొరుకుతుంది, అది వేయించండి.

మా తల్లిగారిల్లు గిర్మాజీపేటలో, పాతకాలం గూనపెంకుల ఇల్లు. అక్కడ ఈ సందులు మూయడం అన్న మాటకే అర్థం లేదు, ఇంటి పైకప్పంతా సందులే. అక్కడ తిరిగేది దూలాల మీద పరుగెత్తే పెద్ద ఎలుక, ఎక్కడానికి దానికి గోడ, వైరు, కొబ్బరి చెట్టు ఏదైనా ఒకటే. అలాంటి ఇంట్లో తిండిని కాపాడుకోవడం ఒక్కటే దారి. మా నానమ్మ వాళ్లు గుమ్మిలో వడ్లు పోసి పేడ, మట్టితో మెత్తి, రాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టేవాళ్లు. వెదురు గుమ్మి కింద ఖాళీ ఉండేది కాబట్టి పిల్లి తిరిగేది, మనిషికీ కనపడేది. ఇప్పుడు మనం బస్తాను తెచ్చి గోడమూలకు ఆనించి, దాని మీద ఇంకో బస్తా, పక్కన పాత పేపర్లు, మీద పాత చీరలు పెడతాం. గూడు కట్టుకోవడానికి కాగితం, బట్ట, పక్కనే బియ్యం, పొయ్యి వెచ్చదనం. ఇక బయటికి ఎందుకు పోతుంది చెప్పండి. చిట్టెలుక గూటి నుంచి పది మీటర్లు కూడా దాటి పోదు, అన్నీ అందులోనే దొరికితే దానికి అంత దూరం కూడా అక్కర్లేదు. నీళ్లు లేవు కదా అనుకుంటారేమో, తినే తిండిలోని తడితోనే బతికేయగలదు.

బియ్యం రేకు డ్రమ్ములో పోసుకోండి. ప్లాస్టిక్ డ్రమ్ము అంచు దొరికితే కొరుకుతాయి. బస్తాలోనే ఉంచాల్సి వస్తే చెక్క బల్ల మీద, గోడకు ఒక అడుగు దూరంలో పెట్టండి, వెనక చీపురు తిరగాలి, మీ కన్నూ తిరగాలి. పల్లీలు, మక్కలు, కుడుకలు కవర్లలో కట్టి అల్మారాలో పెడితే అల్మారా కూడా పోతుంది. అందరూ మరిచిపోయేది పూజ గది. నూనెలో తడిసిన వత్తి వాటికి ఇష్టం, వెలుగుతున్న దీపంలోంచి వత్తి లాక్కుపోయి బట్టల్లో పడేసిన సంఘటనలు ఊళ్లలో చాలామంది చెబుతారు. దీపం కొండెక్కాకే తలుపు వేసి పడుకోండి, ప్రసాదం రాత్రంతా అక్కడే ఉంచకండి. సంక్రాంతికి చేసిన సకినాలు కూడా అంతే, స్టీల్ డబ్బాలోకి పోవాల్సిందే.

బోను విషయం. ఎరగా టమాటా, ఉల్లిగడ్డ పెడుతుంటారు, అవి ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. మిర్చి బజ్జీ ముక్క, పల్లీలు బెల్లం కలిపి నూరిన ముద్ద, లేదా కుడుక ముక్క నిప్పు మీద కాస్త కాల్చి పెట్టండి, వాసన దూరం పోతుంది. ముక్కను దారంతో కొక్కేనికి కట్టండి, లేకపోతే తలుపు పడకముందే ఎత్తుకుపోతుంది. బోను గోడను ఆనుకుని ఉండాలి, మూత గోడ వైపు కాకుండా నడక దారి వైపు ఉండాలి. చిట్టెలుకలైతే ఒక్కటి చాలదు, దాని తిరుగుడు కొద్దిపాటి జాగాలోనే కాబట్టి దగ్గర దగ్గరగా నాలుగైదు పెట్టాలి.

పట్టాక ఏం చేయాలన్నది మా ఇంట్లో తెగని తగవు. వినాయకుడి వాహనం, ఇంట్లో చంపొద్దు అని అత్తమ్మ. కాలనీ చివరికి పోయి వదిలేస్తే పక్క ఇంట్లో దూరుతుందని నేను. మా ఆయన మధ్యలో దూరడు, బోను తీసుకుని వడ్డేపల్లి చెరువు వైపు బండి మీద పోయి వస్తాడు. అక్కడేం చేస్తాడో ఇద్దరమూ అడగం. నా అభిప్రాయం అడిగితే స్ప్రింగుతో టక్కున పడే చెక్క ట్రాపే నయం, ఒక్క క్షణంలో ప్రాణం పోతుంది. బోనుతో సహా బకెట్ నీళ్లలో ముంచేవాళ్లున్నారు, దాన్ని చూడలేం.

గమ్ ప్యాడ్ నేను మా ఇంట్లోకి రానివ్వను. దానికి అతుక్కున్న ఎలుక గంటల తరబడి కొట్టుకుంటుంది, కాళ్లు కొరుక్కుంటుంది, దాని మూత్రం అంతా చుట్టూ చిందుతుంది. బల్లులు, చుంచులు, పిట్టలు కూడా అతుక్కుంటాయి. జంతు సంక్షేమ బోర్డు కూడా వీటిని ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. అయినా కిరాణం కొట్టుల్లో వేలాడుతూనే ఉంటాయి.

ఇక మందు. దాన్ని చివరికి ఎందుకు ఉంచానంటే వాడాల్సిన వరసలో కూడా అది చివరిదే. షాపుల్లో దొరికే నీలం, ఎరుపు బిళ్లల్లో ఎక్కువగా ఉండేది బ్రోమాడయోలోన్, రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. మందు తిన్న ఎలుక దాహానికి బయటికి పోయి చస్తుందని అంటారు, అది ఒట్టి మాట. దానికి ఎక్కడ నలతగా అనిపిస్తే అక్కడే, అంటే మీ మాడ్యులర్ కిచెన్ చెక్కల వెనకనో, ఫాల్స్ సీలింగ్ పైననో పడుకుని చస్తుంది. ఆ తర్వాత వారం రోజులు ఆ వాసనతో అన్నం తినాలి. చచ్చినదాన్ని పిల్లి తింటే పిల్లికి, గుడ్లగూబ తింటే దానికి అదే విషం పాకుతుంది, ఎలుకలను పట్టే వాటినే మనం చంపుకున్నట్టు. నల్లపొడి, పేస్టుల జోలికి అసలే పోవద్దు, పిల్లలున్న ఇంట్లో ఆ ట్యూబు పళ్ల పేస్టు పక్కన కనపడటమే ప్రమాదం. ఏ మందైనా పిల్లలో, పెంపుడు కుక్కో ముట్టినట్టు అనుమానం వచ్చినా సరే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా, ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకు చికిత్స తెలుస్తుంది.

వాట్సాప్ చిట్కాల గురించి ఎక్కువ రాయను. ప్లగ్గులో పెట్టే శబ్దం యంత్రానికి కొన్ని రోజుల్లోనే అలవాటు పడిపోతాయి, డబ్బులు దండగ. కలరా ఉండలు వంటింట్లో పెడితే ముందు మనకే తలనొప్పి, పిల్లలు మింగితే ఇంకా ప్రమాదం. కారం చల్లమంటారు. మిర్చికి పేరున్న ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో కారానికి కొదవ లేదు గానీ, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చి రంగుకే పేరు, ఘాటు తక్కువ. ఘాటు మిర్చి చల్లితే ఫ్యాన్ వేయగానే తుమ్మేది మీరే. పుదీనా నూనె వాసన ఉన్నంతసేపు కాస్త పక్కకు తొలగుతాయేమో, అంతే.

పెంటికలు ఊడ్చే పద్ధతి మాత్రం జాగ్రత్తగా వినండి. పొడి చీపురుతో ఊడవకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లౌజులు, మాస్కు వేసుకుని కాగితంతో తుడిచి పడేయాలి. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, మన పేపర్లు ఎలుక జ్వరం అని రాసేది, వానల్లోనే ఎక్కువ. మూత్రం కలిసిన నీళ్లలో, కాలికి పుండుండి నడిచినా అంటుకుంటుంది. వానల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కలిసి వస్తే మెడికల్ షాపులో గోళీ కొనుక్కుని ఊరుకోకండి. కొరికితే సబ్బు పెట్టి ధారగా నీళ్ల కింద కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి, చిన్నదే కదా అని వదలొద్దు. 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికిన వార్త దేశమంతా చూసింది. ఆ వారం మా కాలనీలో ఎలుకల బోన్లు దొరకలేదు.

బండ్ల సంగతి ఒకటి మిగిలింది. రాత్రి ఇంజిన్ వెచ్చగా ఉంటుంది కాబట్టి బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి. పొగాకు కాడలు పెట్టేవాళ్లున్నారు, కొన్నాళ్లు పనిచేస్తుంది, ఎండిపోయాక మార్చకపోతే మళ్లీ మామూలే. నాలుగైదు రోజులకోసారైనా బండి తీసి తిప్పండి, కదలని బండిలోనే గూడు కడతాయి. బండి పక్కన చెత్తబుట్ట పెట్టకండి.

ఇంట్లో ఇన్ని చేసినా మాకు ప్రతి ఏడాదీ కొత్తవి వచ్చేది పక్కన ఖాళీ ప్లాటు నుంచే. మూడు వారాలు మోసి, ఈతకు ఐదారు పిల్లలు పెట్టి, ఆ పిల్లలు ఆరు వారాలకే కడుపు మోసే వయసుకొచ్చే జీవి చిట్టెలుక, సర్కారు తుమ్మ పొదల్లో, జనం విసిరేసిన అన్నం కవర్ల మధ్య ఎంత పెరుగుతుందో ఊహించుకోండి. ఎలుకలున్నచోటికి పాములూ వస్తాయి, పోయిన ఏడాది జెర్రిపోతు మా గేటు దాకా వచ్చింది. విషం లేనిదే, ఎలుకలనే తింటుంది, కొట్టొద్దని నేనంటే వినేవాళ్లెవరు. ప్లాటు ఓనరు ఉండేది హైదరాబాద్‌లో. ఫోన్ చేస్తే "చేపిస్తా మేడం, జేసీబీ వాడితో మాట్లాడిన" అంటాడు, ఆ జేసీబీ ఇంతవరకు రాలేదు. దసరాకు ఊరికొస్తున్నాడట. కాలనీవాళ్లు ఎవరైనా నాతో పాటు వస్తామంటే ఆ రోజే పోయి మాట్లాడదాం, మెసేజ్ పెట్టండి.